సాయంత్రం నాలుగున్నర నుంచి తొమ్మిది దాకా: హోంవర్కు, క్లాసులు, మన ఓపిక సర్దుకోవడం ఎలా?

"హోంవర్కుకే రాత్రి తొమ్మిదవుతోంది, డాన్సు మానిపించేదా?" "అబాకస్‌లో చేర్చినాము, లెక్కల్లో మార్కులు ఇంకా తగ్గినాయి, ఎందుకు?" "అరవకుండా ఒక్క పేజీ రాయడు, ఏం చేసేది?" తిరుపతిలో పిలకాయల తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ అడిగేవి దాదాపు ఈ మూడే. మూడింటికీ పని ఒకచోటే మొదలవుతుంది: సాయంత్రం మీ ఇంట్లో ఎన్ని నిమిషాలున్నాయో లెక్క కట్టండి. పిల్లల బద్ధకం అనుకునేది చాలా ఇళ్లలో నిమిషాల కొరతే. ఆ లెక్కలో పెద్దవాళ్ల ఓపికకు కూడా చోటు ఉండాలి. అది లేకుండా రాసిన టైమ్‌టేబుల్ వారం తిరిగేసరికి గోడమీద కాగితంగా మిగిలిపోతుంది.

ఇక్కడ చెప్పేది 1 నుంచి 8వ తరగతి దాకా పిల్లలున్న ఇళ్లకు. 9, 10 తరగతులకు ఎక్కడ మార్చుకోవాలో అక్కడక్కడా చెప్పాం.

కావలసినవి

- ఒక పొడుగు నోటుబుక్కు. విడి కాగితాలు వద్దు, రెండో రోజుకే కనబడవు.
- ముళ్లున్న గోడ గడియారం, పిల్లవాడు కూర్చున్న చోటికి కనబడేలా. పెద్ద ముల్లు ఇంకా ఎంత దూరం పోవాలో చిన్నపిల్లలకు కంటికి తెలుస్తుంది. అంకెల గడియారంలో అది తెలియదు.
- వంటింటి టైమర్, లేదా పాత బటన్ ఫోను. స్మార్ట్‌ఫోనులో అలారం పెడితే దాని వెంట మెసేజిలూ వస్తాయి.
- ఒక డబ్బాలో రెండు పెన్సిళ్లు, షార్ప్‌నర్, రబ్బరు, స్కేలు, పెన్ను. డబ్బా చదువుకునే చోటు దాటి పోకూడదు.
- స్కూలు డైరీ.
- ఇంట్లో ఎవరికైనా షిఫ్టులుంటే ఆ నెల డ్యూటీ చార్టు. కొండమీద డ్యూటీ, ఆసుపత్రి డ్యూటీ, బస్సు డ్యూటీ, లాడ్జిలో రాత్రి డ్యూటీ చేసేవాళ్లున్న ఊరు ఇది. ఈ చార్టు లేకుండా ఇక్కడ ఏ ప్లానూ నిలవదు.

1. ఐదు బడిరోజులు ఉన్నది ఉన్నట్టు రాయండి

సోమవారం నుంచి శుక్రవారం దాకా ఏమీ మార్చకుండా టైములు మాత్రం రాయండి. బస్సు దిగింది ఎప్పుడు, తిన్నది ఎప్పుడు, పుస్తకం తెరిచింది, మూసింది, క్లాసుకు బయల్దేరింది, తిరిగొచ్చింది, అన్నం తిన్నది, దీపం ఆర్పింది. పక్కన ఇంకో గడిలో పెద్దవాళ్లు గొంతు పెంచిన టైము కూడా రాయండి. ఎందుకు అరిచారో అక్కర్లేదు, టైము చాలు. 6వ మెట్టులో ఇదే పనికొస్తుంది.

ఈ వారమంతా మంచి పేరు కోసం సర్దుబాటు చేయొద్దు. నోటుబుక్కు ఉందని తొందరగా పడుకోబెడితే లెక్క తప్పొస్తుంది.

2. నిమిషాల లెక్క కట్టండి

లెక్క నిద్ర నుంచి వెనక్కి రావాలి. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణుల సిఫారసు. పొద్దున ఆరుకు లేవాలంటే ఐదో తరగతి పిల్ల రాత్రి తొమ్మిదికి నిద్రలో ఉండాలి. పక్కమీదికి చేరడం కాదు, నిద్రపోవడం.

ఒక మామూలు ఇల్లు తీసుకుందాం. బస్సు 4:30కి దించుతుంది, దీపం 9:00కి ఆరుతుంది. ఉన్నది 270 నిమిషాలు. కాళ్లు చేతులు కడుక్కుని ఏదైనా తినడానికి 30. ఆటకు 60, 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు సగటున రోజుకు గంటసేపు ఒళ్లు కదిలే శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, కాబట్టి ఇది కోయడానికి వీల్లేని గంట. రాత్రి అన్నానికి 40. సంచి సర్దడం, పళ్లు తోముకోవడం, నాలుగు మాటలు చెప్పుకోవడం కలిపి 30. మొత్తం 160. మిగిలింది 110 నిమిషాలు.

ఇప్పుడు వీణ క్లాసు గంట అనుకోండి. కొర్లగుంట నుంచి బాలాజీ కాలనీ వైపు పోను 20, రాను 20, తయారవడానికి 10. సరిగ్గా 110. అంటే ఆ రోజు హోంవర్కుకు ఒక్క నిమిషం కూడా లేదు. అయినా హోంవర్కు ఉంటుంది కాబట్టి దాన్ని నిద్రలోంచి తీస్తాం, లేదా అరిచి పరుగెత్తిస్తాం. మొదటి ప్రశ్నకు జవాబు ఇదే: తప్పు డాన్సుదీ కాదు, హోంవర్కుదీ కాదు. రెండూ ఒకే సాయంత్రంలో పెట్టడం వల్ల వచ్చిన చిక్కు.

ఒక వెసులుబాటు ఉంది. క్లాసే ఒళ్లు కదిలేదైతే, అంటే కూచిపూడి, కరాటే, ఈత, క్రికెట్ లాంటివైతే, ఆ రోజు ఆటగంటను దానికిందే జమకట్టొచ్చు. అప్పుడు 60 నిమిషాలు చేతికొస్తాయి, హోంవర్కు పడుతుంది. వీణ, అబాకస్, చిత్రలేఖనం కూర్చుని చేసేవి, వాటికి ఈ లెక్క కుదరదు. ఇద్దరు పిల్లలుంటే ఇద్దరికీ విడివిడిగా లెక్క కట్టండి. ఒకడి క్లాసుకు రెండోవాణ్ణి బండిమీద తీసుకుపోతుంటే ఆ ప్రయాణం రెండోవాడి ఖాతాలో కూడా పడాలి. దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు.

3. హోంవర్కు ఎక్కువైందా, కూర్చోవడం ఎక్కువైందా?

కేంద్ర విద్యాశాఖ 2020 స్కూల్ బ్యాగ్ పాలసీలో కొలతలున్నాయి. రెండో తరగతి దాకా హోంవర్కు ఉండకూడదు. 3 నుంచి 5 తరగతులకు వారానికి ఎక్కువలో ఎక్కువ 2 గంటలు. 6 నుంచి 8 తరగతులకు రోజుకు గంట. 9వ తరగతి నుంచి రోజుకు 2 గంటలు. ప్రైవేటు బళ్లలో అమలు వేరుగా ఉండొచ్చు, కానీ టీచరుతో మాట్లాడేటప్పుడు ఈ అంకెలు చేతిలో ఉంటే మాట నిలుస్తుంది.

మాట్లాడే ముందు మూడు రోజులు రెండు గళ్లు రాయండి: "కూర్చున్న నిమిషాలు", "పెన్సిలు కదిలిన నిమిషాలు". పక్కనే ఉండి గడియారం చూసి వేయాలి, అంచనా వేయొద్దు.

కూర్చున్నది 90, రాసింది 35 అయితే ఇచ్చిన పని ఎక్కువ కాదు. అలసట, ఆకలి, టీవీ శబ్దం, రబ్బరు వెతుకులాట, ఇందులో ఏదో ఒకటి. 5వ మెట్టుతో సర్దుకుంటుంది. కూర్చున్నది 90, రాసింది 80 అయితే పని నిజంగానే ఎక్కువ. మూడు రోజుల లెక్కతో టీచరును కలవండి. మిగతావన్నీ తొందరగా అయిపోయి ఒక్క సబ్జెక్టు దగ్గరే బండి ఆగిపోతుంటే అక్కడ పాఠం అర్థం కాలేదని. ఎక్కువసేపు కూర్చోబెట్టడం దానికి మందు కాదు, రెండు మూడు పాఠాలు వెనక్కి పోయి చెప్పాలి.

లెక్కల్లో ఆగిపోయేవాళ్లలో చాలామంది లెక్క రాక ఆగరు, ఇంగ్లీషులో ఉన్న ప్రశ్న అర్థంకాక ఆగుతారు. పరీక్షించడం తేలిక: అదే ప్రశ్న తెలుగులో నోటితో అడగండి. "నూటయాభై మామిడికాయలుండాయి, ఆరు గంపల్లో సమంగా సర్దాల, గంపకెన్ని?" అని అడిగితే ఇరవై ఐదని చెప్పేస్తే లెక్క వచ్చినట్టే. ఆ పిల్లకు కావలసింది అబాకస్ కాదు, రోజుకు పది నిమిషాలు ప్రశ్న చదవడం. రెండో ప్రశ్నకు జవాబు సాధారణంగా ఇక్కడే దొరుకుతుంది. రాష్ట్ర పాఠ్యపుస్తకాలు ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లీషు రెంటిలో ఉంటాయి. ముందు తెలుగు పేజీ, తర్వాత ఇంగ్లీషు పేజీ చదివించండి. ప్రైవేటు బడి పుస్తకాలు వేరైనా, పెద్ద తరగతి పిల్లలున్న ఇంటినుంచి ఈ పుస్తకం అడిగి తెచ్చుకోవచ్చు.

4. క్లాసులు ఎంచి, వారం కాగితం రాయండి

రెండో తరగతి దాకా ఒక్క క్లాసు చాలు. 3 నుంచి 8 దాకా రెండు, అందులో ఒకటి ఒళ్లు కదిలేది, వారంలో మూడు సాయంత్రాలు మించకుండా. 9, 10 తరగతుల్లో ఒకటి, సెలవురోజున. పదో తరగతి వచ్చిందని అన్నీ ఒక్కసారి మానిపించడం మంచిది కాదు. ఆ గంట కూడా పోతే చదువు గంటలు పెరుగుతాయి గానీ చదువు పెరగదు.

చేర్చే ముందు మూడు చూడండి. ప్రయాణం ఒకవైపు 15 నిమిషాలు దాటకూడదు. ఫీజు మొదట నెలకు మాత్రమే కట్టాలి. ఏడాదికి కట్టేస్తే డబ్బు పోతుందని పిల్లను బలవంతంగా పంపుతాం. చేరిన తర్వాత ఎనిమిది వారాలు అయ్యేదాకా మానిపించే నిర్ణయం వద్దు. మూడో నాలుగో వారంలో కొత్త పోయి విసుగు వస్తుంది, అది ఎవరికైనా వస్తుంది. ఎనిమిది వారాల తర్వాత కూడా క్లాసు రోజున కడుపునొప్పి అంటుంటే అప్పుడు మార్చండి.

వారం కాగితంలో తిరుపతికి ప్రత్యేకంగా చూసుకోవలసినవి కొన్నున్నాయి. శనివారం యాత్రికుల రద్దీ ఎక్కువ. లీలామహల్ సర్కిల్ నుంచి కపిలతీర్థం, అలిపిరి వైపు రోడ్డు దాటిపోవలసిన క్లాసును శనివారం పెట్టుకోవద్దు. బ్రహ్మోత్సవాల రోజులు ముందే గుర్తుపెట్టి ఆ వారం క్లాసుల మీద ఆశ పెట్టుకోవద్దు. నవంబరులో వానలకు బళ్లు అప్పటికప్పుడు సెలవిచ్చేస్తారు. ఆ రోజు క్లాసు కూడా పోయిందని మర్నాడు రెండు గంటలు సాధన చేయించొద్దు, పోయింది పోనివ్వండి.

వారంలో ఒక సాయంత్రం పూర్తిగా ఖాళీ ఉంచండి. గురువారమైతే బాగుంటుంది: సోమ, మంగళ, బుధల్లో వెనకబడింది ఏదైనా ఉంటే అక్కడ సర్దుకుంటుంది, లేకపోతే ఆట. ఈ ఖాళీ చూసి ఇంకో క్లాసు పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. శుక్రవారం సాయంత్రం అరగంట కూర్చుని సెలవుల హోంవర్కులో సగం పూర్తిచేస్తే ఆదివారం రాత్రి గొడవ ఉండదు.

ఫీజు కట్టే క్లాసు ఒక్కటే నేర్పుతుందని అనుకోవద్దు. అలిపిరి దారిలోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రంలో ఒక ఆదివారం పూట గడిపితే, తాకి తిప్పి చూసిన పరికరం సైన్సు పుస్తకంలో బొమ్మకంటే బాగా గుర్తుంటుంది. చంద్రగిరి కోటలో రాజమహల్, రాణిమహల్ చూపించి ఇంటికొచ్చాక పది వాక్యాలు రాయించండి, తెలుగు వ్యాసం సాధన అక్కడే అయిపోతుంది. ఇంట్లో అవ్వకు రెండు అన్నమయ్య కీర్తనలు వస్తే అది వారానికి రెండు పూటల సంగీతం, ప్రయాణం లేకుండా. సంగీతం, నృత్యం పద్ధతిగా నేర్పించాలనుకుంటే ఊళ్లోనే దేవస్థానం వారి శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉంది. ఏ వయసుకు ఏ కోర్సో, ఏ వేళల్లోనో అక్కడే కనుక్కోండి.

5. హోంవర్కు కూర్చోబెట్టే పద్ధతి

బస్సు దిగాక మొదటి అరగంట బడి మాట ఎత్తొద్దు. "ఎన్ని మార్కులు?" అన్నది గుమ్మంలో అడిగే ప్రశ్న కాదు. కడుపు నింపేది పెట్టండి: ఉడకబెట్టిన శనక్కాయలు ఒక గుప్పెడు, లేదా బెల్లం వేసిన బొరుగులు, లేదా అరటిపండు, మజ్జిగ. బిస్కెట్లు మాత్రమే పెడితే గంటలో మళ్లీ ఆకలంటారు, అది సరిగ్గా హోంవర్కు మధ్యలో వస్తుంది.

ఆట ముందు, హోంవర్కు తర్వాత. వెలుతురు ఉండగా ఆడి, దీపాల వేళకు కూర్చోవడం ఎక్కువమంది పిల్లలకు సరిపోతుంది. ఆట తర్వాత బాగా నిద్ర వచ్చే పిల్లలకు మాత్రం మార్చి చూడండి.

కూర్చునే తడవ: 1, 2 తరగతులకు 15 నిమిషాలు, 3 నుంచి 5కు 25, పై తరగతులకు 35 నుంచి 40. ప్రతి తడవ తర్వాత 5 నిమిషాలు లేచి తిరగడం. ఈ ఐదు నిమిషాల్లో ఫోను, టీవీ ఉండవు. ఒకసారి తెరిస్తే ఐదు ఇరవై అవుతుంది, మళ్లీ కూర్చోబెట్టడానికే మన ఓపిక సగం అయిపోతుంది.

వరస ఇలా ఉండాలి. మొదట ఐదు నిమిషాల్లో అయిపోయే తేలిక పని ఒకటి. రెండోది అన్నిటికంటే కష్టమైనది. చివర కాపీ రాత, బొమ్మలు. కష్టమైనదాన్ని చివరికి ఉంచితే అది సరిగ్గా 8:15కి, ఇద్దరూ అలసిపోయిన వేళకు వస్తుంది.

మొదటి పది నిమిషాలు చేయి చాచితే అందేంత దగ్గర కూర్చోండి, తర్వాత లేచిపోండి. ఇరుక్కుంటే జవాబు చెప్పొద్దు, మూడు ప్రశ్నలు అడగండి: "ఇందులో ఏమడిగినారు?" "మనకు ఏం తెలుసు?" "ఎక్కడిదాకా వచ్చినావు?" సగం సార్లు మొదటి ప్రశ్న దగ్గరే దారి దొరుకుతుంది. తప్పు కనబడితే రబ్బరు మీరు తీసుకోవద్దు. ఆ వరస పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టండి, తప్పు ఎక్కడో తనే వెతుక్కోవాలి. పేజీ చించి మళ్లీ రాయించడం ఎప్పుడూ వద్దు. దాంతో చేతిరాత బాగుపడదు, నోటుబుక్కంటే భయం పడుతుంది.

ఆపే టైము ముందే ఉండాలి. ఆ టైముకు కాకపోయినా మూసేసి డైరీలో రాయండి: "నమస్తే మేడం. ఈరోజు 50 నిమిషాలు శ్రద్ధగా కూర్చుంది. 4, 5 లెక్కలు అర్థం కాలేదు, నేను చేసి ఇవ్వలేదు. దయచేసి ఒకసారి చెప్పగలరు." ఇలా రాయడానికి తల్లిదండ్రులు జంకుతారు. కానీ మనం పూర్తిచేసి పంపితే పాఠం అందరికీ అర్థమైందని టీచరు ముందుకు పోతారు, నష్టం పిల్లకే.

హోంవర్కు వాట్సాప్‌లో వచ్చే బడి అయితే పెద్దవాళ్లు చూసి డైరీలోకి ఎక్కించండి, ఫోను పిల్ల చేతికి ఇవ్వొద్దు. ప్రాజెక్టు పనుల్లో థర్మోకోలు కోయడం, వేడి జిగురు అంటించడం మీ పని. ఏం చేయాలో ఆలోచించడం, రాయడం, రంగులేయడం పిల్లది. వంకరగా వచ్చినా అలాగే పంపండి.

6. ఓపికకు టైమ్‌టేబుల్

మొదటి మెట్టులో రాసిన అరుపుల టైములు ఇప్పుడు చూడండి. అవి రోజంతా చెదిరి ఉండవు. ఎక్కువ ఇళ్లలో రెండు చోట్ల గుంపుగా ఉంటాయి: రాత్రి 7:15 నుంచి 8 మధ్య, పొయ్యిమీద కూరుండగా లెక్కలు చెప్పేటప్పుడు, పొద్దున 7:30 ప్రాంతంలో బూట్లు, టై, డైరీ వెతికేటప్పుడు. కోపం తగ్గించుకోవాలని ఒట్టు పెట్టుకోవడం కన్నా ఆ వేళలో ఉన్న పనిని జరపడం సులువు.

వంట వేళలో నోటి పని మాత్రమే పెట్టండి: ఎక్కాలు, స్పెల్లింగులు, పద్యం అప్పజెప్పడం, పాఠం బిగ్గరగా చదవడం. రాత లెక్కలు వద్దు. పొద్దున గొడవకు మందు రాత్రే ఉంది: సంచి, బూట్లు, సాక్సులు, నీళ్ల సీసా, సంతకం కావలసిన డైరీ తలుపు పక్కన పెట్టి పడుకోవాలి. పది నిమిషాల పని.

సబ్జెక్టులు పంచుకోండి. ఎవరికి ఏది చెబితే కోపం రాదో అది వాళ్లకు. తెలుగు చదవడం అవ్వ, తాత వింటారు. వాళ్లు తప్పులు దిద్దకపోయినా పరవాలేదు, వినే మనిషి ఉండటమే కావాలి. షిఫ్టులున్న ఇంట్లో రెండు వారం కాగితాలు రాయండి, నాన్న ఇంట్లో ఉన్న వారానికి ఒకటి, కొండమీద డ్యూటీ ఉన్న వారానికి ఒకటి. రెండోదాంట్లో పని తక్కువ ఉండాలి. ఒక్కరే ఇద్దరి పని మోయాలని రాసుకుంటే మంగళవారానికే ఓపిక అయిపోతుంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాళ్లు ఆ సాయంత్రం చదువు చెప్పకూడదు, ఆటకు తోడు పోతే చాలు.

ఒక నియమం ఇంట్లో అందరికీ తెలియాలి: ఒకే సాయంత్రం గొంతు రెండుసార్లు పెరిగితే ఆ సబ్జెక్టు ఆ రోజుకు మూత. మూడోసారి అరిచి చెప్పింది తలకెక్కదు, భయమే ఎక్కుతుంది. అరిచేస్తే పది నిమిషాలాగి, "గట్టిగా అరిచినాను నాయనా, అట్ల అరవకూడదు. ఈ లెక్క రేపు చూద్దాం" అని చెప్పండి. తర్వాత బుజ్జగించడానికి చాక్లెట్టు, ఫోను ఇవ్వొద్దు. అరుపు తర్వాత బహుమతి వస్తుందని నేర్చుకుంటారు. చేయి చేసుకోవడం ఏ పరిస్థితిలోనూ వద్దు.

"పక్కింటి పాప అన్నిట్లో ఫస్టు" అన్న మాట కూడా అరుపు కిందే లెక్క, గడిలో రాయండి.

నాలుగు వారాల తర్వాత చూసుకోవలసినవి

మళ్లీ ఒక వారం టైములు రాసి మొదటి వారంతో పక్కపక్కన పెట్టండి.

- ఐదు బడిరోజుల్లో కనీసం నాలుగు రోజులు అనుకున్న వేళకు పావుగంట లోపలే నిద్రపోయిందా?
- కూర్చున్న నిమిషాలకూ రాసిన నిమిషాలకూ తేడా సగానికి తగ్గిందా?
- చేసిన లెక్కను పుస్తకం మూసి మీకు చెప్పగలుగుతోందా? మార్కులకంటే ఇదే నమ్మదగిన పరీక్ష.
- క్లాసుకు మీరు ఒకసారి చెబితే బయల్దేరుతోందా?
- అరుపుల గడిలో రాసిన టైములు తగ్గాయా?

మూడు అవునైతే ఆ కాగితం అలాగే నడపండి. మూడు కాకపోతే ఒక్కటే మార్చండి, రెండు వారాలు చూడండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. మొదట మార్చవలసింది నిద్ర వేళ, తర్వాత క్లాసుల సంఖ్య, ఆ తర్వాతే హోంవర్కు పద్ధతి. నిద్ర చాలని పిల్ల దగ్గర మిగతా రెండూ పనిచేయవు.

ఇన్ని చేసినా మూడో తరగతి దాటిన పిల్ల సొంత భాషలో చిన్న వాక్యం కూడబలుక్కుంటూ ఉంటే, పుస్తకం ముఖానికి దగ్గరగా పెట్టుకుంటుంటే, సాయంత్రాలు తలనొప్పి అంటుంటే ముందు కంటి పరీక్ష చేయించండి. చూపు బాగుంటే చెవులు చూపించండి. రెండూ బాగుంటే తరగతి టీచరును కలిసి బళ్లో కూడా ఇలాగే ఉందా అని అడగండి. అక్కడా అంతే అయితే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి, చదవడం, రాయడంలో ఇబ్బందులను పరీక్షించే నిపుణుల దగ్గరికి ఆయనే పంపుతారు. వెళ్లేటప్పుడు ఈ నోటుబుక్కు తీసుకుపోండి. "చదవడంలేదు" అని చెప్పడంకన్నా నాలుగు వారాల టైములు చూపిస్తే డాక్టరుకు ఎక్కువ తెలుస్తుంది.